పరీక్షించే సూదికి పరీక్ష

ఒక వస్తువు మంచిదా చెడ్డదా అని తేల్చే పరికరం తానే మంచిదో కాదో ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. తూనికరాళ్లు పుట్టిననాడే ఇదీ పుట్టి ఉంటుంది. సోలతో, మానికతో గింజలు కొలుచుకున్న మన పెద్దలకు మానిక అడుగు సొట్టపోతే ఎవరి గింజలు ఎవరి గాదెలోకి పోతాయో బాగా తెలుసు. న్యాయం చెప్పేవాళ్ల గురించి, బడిలో మార్కులు వేసేవాళ్ల గురించి, పుస్తకాల మీద అభిప్రాయాలు రాసేవాళ్ల గురించి కూడా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాం. నాకు మాత్రం ఇది మైక్రోస్కోపు కింద రోజూ కనబడే ప్రశ్న. వెంట్రుక కంటే సన్నని మొనలుండే పరీక్షాసూదులను లేజర్ వెలుగుతో అతకడం, బాగుచేయడం నా జీవనాధారం. మాది హోసూరు దగ్గర పల్లె. పని బెంగళూరులో ఒక చిన్న కార్ఖానాలో. ఈ పనిలో ఉన్నందువల్ల నాకు తోచిన ధర్మసందేహం ఒకటి పాఠకుల ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సందేహం అర్థం కావాలంటే ముందు సూది సంగతి తెలియాలి. మనం వాడే ఫోనులో, టీవీలో, కరెంటు మీటరులో ఉండే చిప్పులను ఒక్కొక్కటిగా తయారు చేయరు. 200 లేదా 300 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలికాన్ బిళ్ల మీద అవి వందలు, వేలుగా ఒకేసారి తయారవుతాయి. ఆ బిళ్లను వేఫర్ అంటారు. పళ్లెంలో పోసిన మైసూరుపాకును గళ్లుగా కోసినట్టు తర్వాత దాన్ని ముక్కలు చేస్తారు. కోయకముందే ఏ గడి పనికొస్తుంది, ఏది రాదు అని చూసుకోవాలి. చెడ్డ ముక్కకు కూడా తీగలు అతికి, తొడుగు వేసి, ఆ తర్వాత పారేస్తే ఆ ఖర్చంతా దండగ. అందుకని ప్రతి చిప్పు మీదా ఉండే చిన్నచిన్న లోహపు ప్యాడ్‌ల మీద సూదులు ఆనించి, కరెంటు పంపి, వచ్చిన జవాబును బట్టి మంచిచెడ్డలు నిర్ణయిస్తారు. ఆ ప్యాడ్‌లు తరచు 50 నుంచి 100 మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సూదిమొన అందులో మూడో వంతు. ఇటువంటి సూదులు వందలకొద్దీ ఒక పలక మీద బారులు తీరి ఉంటాయి. ఆ పలక పేరు ప్రోబ్ కార్డు. ఒక్కో సూది ఒక ప్రోబ్.

సూది చిప్పును తాకుతుందన్నాను. నిజానికి తాకితే చాలదు. అల్యూమినియం ప్యాడ్ మీద, గాలి తగిలిన క్షణం నుంచీ ఒక పలుచని పొర కట్టుకుని ఉంటుంది. కొన్ని నానోమీటర్ల మందమే, అయినా కరెంటును పోనివ్వదు. కాబట్టి సూది తగిలిన తర్వాత వేఫర్‌ను ఇంకో 50, 60 మైక్రాన్లు పైకి నెడతారు. అప్పుడు సూది వంగి, దాని మొన కొంచెం ముందుకు జారి, ఆ పొరను గీకుతుంది. లోపలి లోహం బయటపడితేనే నిజం తెలుస్తుంది. పని ముగిశాక ప్యాడ్ మీద ఒక గీత మిగిలిపోతుంది.

ఇక్కడే నాకు తోచిన మొదటి సంగతి. తెలుసుకోవాలంటే తాకాలి, తాకితే మచ్చ పడుతుంది. ఏ మచ్చా పడకుండా ఒకదాని లోపలి సంగతి తెలుసుకున్నాననేవాడు పైపొర దగ్గరే ఆగిపోయి ఉంటాడు. అలాగని లోతుగా గీకితే ప్యాడ్ చిరుగుతుంది. రేపు దాని మీద బంగారు తీగ సరిగ్గా అంటుకోదు. మంచి చిప్పును మంచిదని తేల్చే ప్రయత్నంలోనే దాన్ని చెడగొట్టినట్టవుతుంది. కంచే చేను మేసిందంటే ఇదే. రక్తపరీక్షకు డాక్టరు కాస్త రక్తం తీసుకుంటాడు గానీ గ్లాసుడు తీయడు. ఎంత మచ్చ పెట్టే హక్కు పరీక్షకుడికి ఉందన్న ప్రశ్నకు ఈ పనిలో అంకెల్లో జవాబు ఉంటుంది: గీత పొడవు ఇంత దాటకూడదు, లోతు ఇంత దాటకూడదు అని ముందే రాసుకుంటారు. మనుషులను పరీక్షించే చోట్ల ఇటువంటి హద్దు రాసి ఉండటం నేను అరుదుగానే చూశాను.

లక్షలసార్లు తాకిన సూదికి ఏమవుతుంది? మొన అరిగి మొద్దుబారుతుంది. గీకినప్పుడు లేచిన అల్యూమినియం పొడి మొనకు పట్టి గట్టిపడుతుంది. పక్క సూదులతో సమానంగా ఉండక వెంట్రుకలో సగమంత పైకి లేచిపోతుంది. ఒక్కోసారి విరుగుతుంది. ఇటువంటి సూది రెండు రకాల అబద్ధాలు చెబుతుంది. మొనకు మడ్డి పట్టినప్పుడు సూదికీ ప్యాడ్‌కూ మధ్య నిరోధం పెరుగుతుంది. చిప్పుకు అందవలసిన వోల్టేజీ అందదు. చిప్పు బాగున్నా పనిచేయనిదిగా కనబడుతుంది. ఇది మంచిదాన్ని చెడ్డదనడం.

రెండో అబద్ధం ఇంకా విచిత్రం. చిప్పులో కరెంటు పోకూడని దారిన కారిపోతున్నదా అని చూసే పరీక్ష ఒకటి ఉంది. సూది అసలు తాకనే లేదనుకోండి. తాకని సూదిలో కరెంటే పారదు. పారనిది కారినట్టు ఎలా కనబడుతుంది? కాబట్టి "కారడం లేదు, మంచిదే" అని జవాబు వస్తుంది. ఇది చెడ్డదాన్ని మంచిదనడం. అందుకే మిగతా పరీక్షలన్నిటికంటే ముందు, సూది నిజంగా తగులుతున్నదా లేదా అని తెలుసుకునే పరీక్ష ఒకటి చేస్తారు. ఆ తర్వాతే చిప్పు గుణదోషాల జోలికి పోతారు. ఒక మనిషి దగ్గరికైనా పోకుండా అతనిలో ఏ తప్పూ లేదనో, ఏ మంచీ లేదనో చెప్పేయడం మనకు ఎంత అలవాటో తలచుకుంటే, ఈ చిన్న నియమం నాకు పెద్ద నీతిగా కనబడుతుంది.

ఈ రెండు అబద్ధాల్లో ఏది పెద్దది? చెడ్డ చిప్పు మంచిదనిపించుకుని బయటికి పోతే అది ఒకనాడు తిరిగి వస్తుంది. వస్తువు కొన్నవాడు దుకాణాన్ని అడుగుతాడు, దుకాణం కంపెనీని అడుగుతుంది, కంపెనీ పరీక్షశాలను అడుగుతుంది. ఆ తప్పుకు నోరు ఉంది. మంచి చిప్పు చెడ్డదనిపించుకుని చెత్తబుట్టలో పడితే ఎవరూ రారు. లెక్కల్లో దిగుబడి కొంచెం తగ్గినట్టు తెలుస్తుంది. జాగ్రత్త గలవాళ్లు అనుమానించి మళ్లీ పరీక్షిస్తారు. అయినా చెత్తబుట్టలోని ఆ ఒక్కదాని తరఫున అడిగేవాడు లేడు. ప్రాణం లేని చిప్పు గురించి ఇంత మాట ఎందుకని మీరు అనవచ్చు. చిప్పు కోసం నేను ఏడవడం లేదు. నోరున్న తప్పును దిద్దడానికి లోకంలో ఎన్నో ఏర్పాట్లు ఉన్నాయి. నోరులేని తప్పును మాత్రం పరికరాన్ని చేతబట్టినవాడు, దాన్ని బాగుచేసినవాడు ముందుగానే ఆపాలి. తర్వాత ఆపేవాళ్లు ఉండరు. ఈ మాట చిప్పుకు ఎంత నిజమో మనిషికీ అంత నిజం.

పరికరం ఒక పక్షానికి ఒరగగలదన్న ఎరుక మన దేశంలో చాలా పాతది. కంసాలి గీటురాయినే చూడండి. అదీ మా సూది వంటిదే. బంగారం ఒంటి నుంచి కాస్త గీకి తీసుకుంటేనే గానీ మాట చెప్పదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బంగారపు అధికారి విధులు చెప్పే చోట గీటురాళ్ల ప్రస్తావన ఉంది. కళింగ దేశపు రాయిని అక్కడ మేలైనదన్నారు. రంగును సమంగా చూపే రాయి అమ్మకానికీ కొనుగోలుకూ పనికొస్తుందట. ఒక రకం రాయి అమ్మేవాడికి అనుకూలమట. గట్టిగా, సమంగా లేని మరో రకం కొనేవాడికి అనుకూలమట. మైసూరు ఓరియంటల్ లైబ్రరీలో 1905లో ఆర్. శామశాస్త్రి గారి కంటబడి, 1909లో అచ్చయిన ఆ గ్రంథాన్ని మనం రాజనీతి కోసమే తిరగేస్తాం. నాకు మాత్రం ఈ రాళ్ల ముచ్చటే ఎక్కువ గుర్తుండిపోయింది. రాయి మౌనంగా ఉంటుంది, దానికి స్వార్థం ఉంటుందని ఎవరూ అనుకోరు. అందువల్లనే రాయిని ఎంచుకున్నవాడు రాయి వెనక దాక్కోగలడు. "నేనేమన్నాను, రాయి చెప్పింది" అంటాడు.

ఇక అతుకు సంగతికి వస్తాను. అరిగిన టంగ్‌స్టన్ సూదిని సాధారణంగా పీకేసి కొత్తది పెడతారు. కానీ ఒడలు ఒక లోహం, మొన మరో లోహంగా చేసిన ప్రోబులు, సన్నతీగ చివర గట్టి మొన అతికిన ప్రోబులు బాగుకు వస్తాయి. వాటిని టంకం పెట్టి అతికితే చుట్టుపక్కల చాలా మేర వేడెక్కుతుంది, అతుకు ఉబ్బెత్తుగా మిగులుతుంది. లేజర్ అయితే వెంట్రుక మందమంత చోట, కొన్ని మిల్లీసెకన్ల సేపు మాత్రమే వేడిని దింపుతుంది. పక్కనున్నదానికి ఆ వేడి తెలియకముందే పని ముగుస్తుంది. ఇటువంటి వెలుగు సాధ్యమేనని చెప్పే సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లో రాశాడు. థియోడర్ మైమన్ అమెరికాలో 1960లో కెంపురాయితో మొదటి లేజర్ వెలిగించాడు. మా వంటి సన్నపనికి ఎక్కువగా వాడుతూ వచ్చిన నియోడిమియం లేజర్ 1964లో బెల్ ప్రయోగశాలలో తయారైంది. ఆ రోజుల్లోనే అదే ప్రయోగశాలలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ తయారు చేశారు. మందపాటి రేకులు కోయడానికి, అతకడానికి అది వాడుకలోకి వచ్చింది.

మా కార్ఖానాలో ఈ యంత్రం ముందు కూర్చునే పెద్దాయన ఒకప్పుడు కోలారు వైపు నగలు చేసినవారు. ఊదుగొట్టం, వెలిగారం, టంకం చేతబట్టి బతికిన మనిషి. నగల పనికి లేజర్ యంత్రాలు వచ్చినప్పుడు దాన్ని నేర్చుకుని, అక్కడి నుంచి ఇటు వచ్చారు. లేజర్ ఉంటే చాలు, మీట నొక్కితే అతుకుతుందని బయటివాళ్లు అనుకుంటారు. ఆయన పని చూస్తే ఆ భ్రమ పోతుంది. టంగ్‌స్టన్ 3422 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గానీ కరగదు. రాగి 1085 దగ్గరే కరిగి, 2562 దగ్గర ఆవిరైపోతుంది. అంటే టంగ్‌స్టన్ కరిగేదాకా ఆగితే రాగి మిగలదు. రెండూ కలిసి కరిగే ఘడియ ఆ ఇద్దరికీ లేనే లేదు. కాబట్టి వెలుగును రాగి వైపు గురిచేసి, కరిగిన రాగి టంగ్‌స్టన్‌ను తడిపి పట్టుకునేటట్టు చేయాలి. ఆ రాగి కూడా మొదట మాట వినదు. మీద పడిన వెలుగులో నూటికి తొంభై పాళ్లకు పైగా తిప్పికొడుతుంది. కరగడం మొదలైతే మాత్రం ఒక్కసారిగా ఎక్కువ మింగడం మొదలుపెడుతుంది. అందుకని వెలుగును ఒక పద్ధతిలో పెంచి, వెంటనే తగ్గించాలి. గాలి తగిలి లోహం మాడకుండా ఆర్గాన్ వాయువు వదలాలి.

ఇంత చేసినా కంటికి కనబడని ఇబ్బంది ఒకటి మిగులుతుంది. వేడి తగిలినచోట లోహం స్వభావం మారుతుంది. టంగ్‌స్టన్ మరీ వేడెక్కితే దాని లోపలి రేణువులు పెరిగి పెళుసవుతుంది. స్ప్రింగులకు వాడే బెరీలియం కలిపిన రాగి వేడెక్కితే మెత్తబడి సాగుడు గుణం పోగొట్టుకుంటుంది. అతుకు చూడటానికి అద్దంలా ఉండవచ్చు, కొలిస్తే నిరోధం సరిగ్గా ఉండవచ్చు; అయినా పక్కన వెంట్రుకంత మేర లోహం మునుపటి లోహం కాదు. ఇవాళ బాగా పనిచేస్తుంది. ఎన్ని వేలసార్లు తాకాక అలిసిపోతుందో ఇవాళ్టి కొలత చెప్పదు.

పనివాడి ఒంటి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మేం వాడే వెలుగు 1064 నానోమీటర్లది, కంటికి కనబడదు. కనబడే వెలుగైతే రెప్ప తనంతట తానే మూసుకుంటుంది. కనబడని వెలుగుకు రెప్ప వేయదు. అది తిన్నగా పోయి కంటి వెనకపొరను కాల్చుతుంది. బెరీలియం పొగ, పొడి ఊపిరితిత్తులకు చేటు. ఒకప్పుడు నగల దుకాణాల మీద కేడీఎం అని గొప్పగా రాసుకునేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. అందులోని కాడ్మియం కొన్నవాళ్లకు మెరుపుగా కనబడింది, అతికిన కంసాలుల ఊపిరితిత్తుల్లోకి పొగగా పోయింది. అతుకు ఖరీదు ఎవరు కట్టారో నగ మీద రాసి ఉండదు. కళ్లద్దాలు, పొగ లాగే గొట్టం లేకుండా పని చేయించేవాడు మంచి ప్రోబ్ ఇచ్చినా మంచి పని చేసినట్టు కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు నా సందేహం. బాగుచేసిన ప్రోబ్ కొలతలన్నిటిలో కొత్తదానితో సమానంగా నిలిచిందనుకుందాం. అది అతికినదని చెప్పాలా, అక్కరలేదా?

ఒకసారి ఒక మధ్యవర్తి పరీక్షశాల తాలూకు ప్రోబులు కొన్ని బాగుకు తెచ్చాడు. పని అయింది, కొలతలు సరిపోయాయి. రిపోర్టు రాయబోతుంటే ఆయన, "కొలతలు సరిగ్గా ఉన్నాయి కదండీ, ఎక్కడ అతికారు, ఎన్నిసార్లు అతికారు అనేదంతా ఎందుకు? చదివినవాళ్లకు లేనిపోని అనుమానం. అడిగితే చెబుదాం" అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాడు. అబద్ధం రాయమనలేదు, అడగనిది చెప్పొద్దన్నాడు, అంతే. సాయంత్రం పెద్దాయనతో, "ఏమన్నా, రాస్తే ఈ పని చేజారుతుందేమో" అన్నాను. ఆయన కన్ను మైక్రోస్కోపు మీది నుంచి తీయకుండానే అన్నారు: "నువ్వు చూసింది నువ్వు రాసేయప్పా. వాళ్లేమనుకుంటారో అది వాళ్లిష్టం. రేపు ఇంకొకడు దీన్నే బాగుచేసేదానికి కూర్చుంటాడు కదా, వానికి తెలియొద్దా, ఇక్కడ ఒక తూరి నిప్పు పడిందని?"

నేను రాశాను. ఆ మధ్యవర్తి తర్వాతి పని మాకు తేలేదు. నష్టం చిన్నదే గానీ, పదిమంది లోపు మనుషులున్న కార్ఖానాకు చిన్న నష్టం కూడా నెల జీతాల దగ్గర తెలుస్తుంది. అందువల్ల ఆయన వాదాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. దాన్ని ఉన్నంత బలంగా చెప్పి చూస్తాను.

కొన్నవాడికి కావలసింది పని. పని జరిగితే దాని వెనక కథ అక్కరలేదు. పైగా మన లోకానికి అతుకు అంటే చిన్నచూపు. అతుకుల బొంత, అతుకుల సంసారం అని ఎత్తిపొడుపుగానే అంటాం. బాగుచేసింది అని రాయగానే, కొత్తదాని కంటే నిలకడగా పనిచేసేదానికి కూడా సగం ధర కడతారు. అప్పుడు నిజం చెప్పినవాడు నష్టపోతాడు, చెప్పనివాడు బాగుపడతాడు. చివరికి బాగుచేయడమే మానేసి అందరూ కొత్తవే కొంటారు. పాతవి చెత్తకుప్పకు పోతాయి. ఎలక్ట్రానిక్ చెత్త ఊళ్ల పక్కన గుట్టలుగా పెరుగుతున్న కాలంలో అది మంచిదా? నిజం చెప్పడం వల్ల మరమ్మతు అనే మంచి పనికే చేటు వస్తే ఆ నిజం ఎవరికి మేలు?

ఈ వాదంలో సత్యం ఉంది. కానీ అది ఇద్దరినే లెక్కలోకి తీసుకుంటున్నది, అమ్మేవాడినీ కొనేవాడినీ. పెద్దాయన మాట మూడోవాడిని తెచ్చి ముందు నిలబెట్టింది. అదే ప్రోబ్‌ను రేపు చేతిలోకి తీసుకునే మరో పనివాడు. ఒకసారి వేడి తగిలినచోట మళ్లీ అంతే వేడి పెడితే లోహం విరగవచ్చు. ఆ సంగతి కొలతలో కనబడదు, మాటలోనే తెలుస్తుంది. ఆ మాట దాస్తే అతడు చీకట్లో పని చేసినట్టు. పని నేర్పిన గురువుకు ఎంత బాకీ ఉన్నామో, మన తర్వాత అదే బల్ల ముందు కూర్చునేవాడికీ అంత బాకీ ఉన్నాం. ఆ తర్వాత నాలుగోవాళ్లున్నారు. ఈ సూది తీర్పు చెప్పబోయే చిప్పులు, వాటి మీద ఆధారపడిన మనుషులు. తీర్పులో తేడా వస్తే, ఏ సూదిని మొదట అనుమానించాలో ఆ రాతే చెబుతుంది. రాత లేకపోతే చిప్పునే దోషి అంటారు.

ఇక్కడ మామూలు వస్తువుకూ పరీక్షించే వస్తువుకూ తేడా ఉందనుకుంటాను. నా చెప్పుకు అట్ట కుట్టించుకుంటే ఆ కుట్టు కథ నాకూ చెప్పు కుట్టినాయనకూ సంబంధించింది. తెగితే నా కాలే నొస్తుంది. కొలిచే వస్తువు చెడితే దాని బాధ దాని యజమానికి తగలదు, కొలవబడినవాడికి తగులుతుంది. అతడు ఈ బేరంలో లేడు, ఎవరూ అతన్ని అడగలేదు. బేరంలో లేనివాడి మీద బరువు పడే చోట, అడిగితే చెబుదాం అనే నీతి సరిపోదు. అడగవలసినవాడికి అడగాలని కూడా తెలియదు.

ఇక చిన్నచూపు సంగతి. దానికి మందు దాచడం కాదు, గౌరవంగా చెప్పడం. మన వైపు పాత గుళ్లు, చెరువులు చూసినవాళ్లకు తెలుసు. చెరువుకట్ట తెగితే వేయించినవాళ్లు, గుడి శిథిలమైతే జీర్ణోద్ధరణ చేసినవాళ్లు ఆ సంగతి రాతి మీద చెక్కించారు. కొత్తగా కట్టించడం కంటే పాతదాన్ని నిలబెట్టడం పుణ్యమని చెప్పుకున్నారు. బాగుచేసిన చెరువు అని తెలిసి ఎవరూ ఆ నీళ్లు తక్కువ ధరకు అడగలేదు. మరమ్మతును శాసనం వేయించుకోదగిన పనిగా చూసిన మనుషుల వారసులం, ఇవాళ అతుకును మచ్చగా దాచుకుంటున్నాం.

అన్నిటినీ బాగుచేయాలని కూడా నేను అనను. ఒకేచోట మూడోసారి అతకమని వస్తే పెద్దాయన చేయరు. యంత్రం అతుకుతుంది, డబ్బూ వస్తుంది, అయినా చేయరు. ఆ సూది ఇక పైకి బాగానే ఉంటూ లోపల నమ్మదగినది కాదని ఆయన లెక్క. తీర్పు చెప్పే పని నుంచి దాన్ని విరమింపజేయడమే దానికీ గౌరవం. బాగుచేయడం ఎంత ధర్మమో, బాగుచేయనని చెప్పడం కూడా ఒక్కోసారి అంత ధర్మం. రెండోది నేర్పడం కష్టం, ఎందుకంటే చేయని పనికి కూలి రాదు.

ఇదంతా సూదుల గురించే అయితే సాహిత్య పత్రికలో చోటు అడిగేవాణ్ని కాదు. మనలో ప్రతివాడూ ఏదో ఒక చోట సూదే. పిల్లల జవాబుపత్రాలు దిద్దే పంతులు, ఉద్యోగానికి వచ్చినవాణ్ని ప్రశ్నించే అధికారి, పెళ్లిచూపులకు పోయిన పెద్దమనిషి, కథ చదివి బాగుంది బాగాలేదు అనే పాఠకుడు. ప్రోబ్ కార్డును ఇన్నిసార్లు తాకాక శుభ్రం చేయాలని నియమం ఉంది. సన్నని గరుకు పొర మీద మొనలు రుద్దుతారు. గుణం ముందే తెలిసిన ఒక చిప్పు మీద ఆనించి, జవాబు సరిగ్గా వస్తున్నదా అని చూసుకుంటారు. ముప్పై ఏళ్లుగా పత్రాలు దిద్దిన మనిషికి ఇటువంటి నియమం లేదు. ముందు తాకినవాళ్ల పొడి అంతా మొనకు పట్టి, అది గట్టిపడి, తర్వాత వచ్చినవాడు ఎంత మంచివాడైనా అతని జవాబు దాని గుండా మసకగానే చేరుతుంది. దానికి మనం అనుభవం అని పేరు పెట్టుకుంటాం. కొంత అనుభవమే, కొంత మడ్డి.

మన ఇళ్లలోని ఉదాహరణ ఒకటి చెబుతాను. హోసూరు వైపు మాట్లాడే తెలుగు విని, "ఇదేం తెలుగు?" అని నవ్వినవాళ్లు నాకు తారసపడ్డారు. తూరి అన్నా, చేసేదానికి అన్నా వాళ్ల చెవికి తప్పుగా తగిలింది. తలతలాలుగా తమిళం, కన్నడం మధ్య బతికిన మాట అది. వాళ్ల చెవి ఇంకొక చోటి మాటకు సరిచేసిన సూది. తాకిందా లేదా అని చూసుకోకుండానే తీర్పు చెప్పింది. అదే న్యాయంగా నన్ను నేనూ చూసుకోవాలి. బరంపురం నుంచో, యానాం నుంచో, షోలాపూరు నుంచో వచ్చిన తెలుగు మాట నా చెవికి వింతగా తగిలినప్పుడు, ఆ వింత మాటలో ఉందా, నా చెవిలో ఉందా అని ఒక్క క్షణం ఆగాలి. ఆ ఒక్క క్షణం ఆగడమే, సూది తగిలిందా అని ముందుగా చేసే పరీక్ష.

పరీక్షించేవాణ్ని ఎవరు పరీక్షించాలి అన్న ప్రశ్నకు, అతని పైన ఇంకొక అధికారిని పెట్టడమే మనకు తెలిసిన జవాబు. ఆ అధికారి పైన మరొకరు కావలసి వస్తారు. ఆ వరుసకు అంతం లేదు. నా పని నాకు చూపిన జవాబు ఇంకొకటి. పరికరం తన చరిత్రను తనతో మోసుకుపోవాలి. ఎక్కడ అరిగింది, ఎక్కడ విరిగింది, ఎవరు అతికారు, ఎన్నిసార్లు నిప్పు పడింది అన్నది తెలిసిన పరికరం తప్పు చేసినా ఆ తప్పును పట్టుకోవచ్చు. ఏ మచ్చా లేనట్టు, నిన్ననే పుట్టినట్టు కనబడే పరికరం తప్పు చేస్తే దాన్ని ఎవరూ అనుమానించరు. మనుషుల్లో కూడా, తాను ఎక్కడెక్కడ అతుకు పడ్డవాడో దాచుకోకుండా చెప్పగలిగినవాడి తీర్పునే నేను ఎక్కువగా నమ్ముతాను.